పుట్ ఆన్, పుట్ ఆఫ్, పదిహేడో నంబరు ఫారం

ఈ జూన్ ఆఖర్లో మా మేనకోడలు శిరీష మహారాష్ట్రలోని రాజురాలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. చేరిన మూడో రోజే స్కూటీ మీద చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లోని మా ఇంటికి వచ్చి, హెల్మెట్ తీయకముందే మొదలుపెట్టింది.

"అత్తా, తొమ్మిదో తరగతికి ఫ్రేజల్ వర్బ్స్ చెప్పమన్నరు. పోరగాండ్లకు ఒక్క ముక్క ఎక్కుతలేదు. నువ్వెట్ల చెప్తుంటివి? నీ నోట్స్ ఉంటె ఇయ్యి, ఫోటో కొట్టుకుంట."

"నోట్స్ ఏడియే, రిటైరైన నెలనే పాత పేపర్లు కొనెటోనికి ఏసిన" అన్నాను.

"మరి నోటితోనన్న చెప్పు."

నోటితో మొదలుపెడితే చాయ్ రెండుసార్లు అయింది, పకోడీలు అయిపోయాయి, చెప్పాల్సింది సగం కూడా కాలేదు. పైగా నేను చెప్పిన సగం వినడానికి బాగుండేదే. మిగిలిన సగం పకోడీలు తింటూ చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఇంకో మాట. శిరీషకు తెలుగు చదవడం సరిగా రాదు. మరాఠీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ, అక్షరాలు చూస్తే కూడబలుక్కుంటుంది. నెమ్మదిగానైనా చదువుకోనీ. నేనూ మొన్నమొన్నటి దాకా అంతే. ఈ అక్షరాలు నేను రిటైరయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నవి. ఆయన గుంటూరు వైపు మనిషి, ఇక్కడి కరెంటు కేంద్రంలో ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా ఒత్తులు చూసి ముసిముసిగా నవ్వుతాడు, దిద్దుతాడు, మళ్లీ నవ్వుతాడు. నాకు కోపం రాదు. ముప్ఫై ఏళ్లు పిల్లల పేపర్లు ఎర్రపెన్నుతో దిద్దినదాన్ని, నా వంతు కూడా రావాలి కదా.

తోకల సంగతి

తెలియనివాళ్ల కోసం ముందు ఇది చెప్తాను. ఇంగ్లీషులో పుట్ అంటే పెట్టడం. దాని పక్కన ఆన్ చేరిస్తే బట్టలు వేసుకోవడం. ఆఫ్ చేరిస్తే పనిని తర్వాతికి జరపడం. అవుట్ చేరిస్తే దీపమో మంటో ఆర్పడం. అప్, విత్ అని రెండు తోకలు తగిలిస్తే ఓర్చుకోవడం. క్రియ ఒక్కటే. తోక మారితే అర్థం పొలిమేర దాటిపోతుంది. ఇలాంటివి వందల్లో ఉంటాయి, పిల్లల ప్రాణాలు తోడేస్తాయి.

నా మొదటి సంవత్సరంలో ఇవన్నీ బోర్డు మీద వరసగా రాసి, పక్కన మరాఠీ అర్థాలు రాసి, వల్లె వేయించాను. చివర్లో "సమజ్లా కా?" అని అడిగేదాన్ని, అర్థమైందా అని. "హో బాయీ!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. మా వైపు మరాఠీ బళ్లలో టీచరమ్మను బాయి అంటారు. ఆ "హో బాయీ" వింటే నాకు కడుపు నిండిపోయేది. పేపర్లు దిద్దినప్పుడు తెలిసింది అసలు సంగతి. ఒకడు రోజూ పొద్దున్నే లేచి, స్నానం చేసి, యూనిఫారాన్ని ఆర్పేసి బడికి వస్తున్నానని రాశాడు.

మా హెడ్‌మాస్టరు వానఖెడే సర్ లెక్కల మనిషి. ఇంగ్లీషు ఆయనకు అంతంతమాత్రం. కానీ పాఠం ఎట్లా చెప్పాలో ఆయనకు తెలిసినంతగా నాకు తెలిసిన ఏ ఇంగ్లీషు పండితుడికీ తెలియదు. ఆ పేపరు చూసి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, "బాయీ, మాట చెప్పకండి. పని చేసి చూపించండి. మాట దాని వెనకాలే వస్తుంది" అన్నారు.

మర్నాడు ఒక చిన్న ఇనప పెట్టె తీసుకెళ్లాను. అందులో శాలువ, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఒక తాళం, పాత కళ్లజోడు. శాలువ కప్పుకుని పుట్ ఆన్. తీసేసి టేక్ ఆఫ్. కొవ్వొత్తి ఊది పుట్ అవుట్. అన్నీ పెట్టెలో సర్దేసి పుట్ ఎవే. ఓర్చుకోవడం ఎట్లా చూపించాలో మాత్రం తోచలేదు. అది ఏప్రిల్ నెల. చంద్రపూర్ జిల్లా ఏప్రిల్ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పైన ఫ్యాను ఉలకదు పలకదు. ఆ ఫ్యాను వైపు వేలు చూపించి, చెమట తుడుచుకుంటూ, ఈ ఎండను మనం పుట్ అప్ విత్ చేస్తున్నాం అని ఇంగ్లీషులో అన్నాను. క్లాసు మొత్తం ఆ వాక్యాన్ని అందుకుంది. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పుడు నడివయసు మనుషులు, అయినా బజార్లో కనిపిస్తే నమస్కారానికి ముందు ఆ వాక్యమే అంటారు.

నాలుగు లుక్‌లు ఒకే రోజు

నా తప్పుల్లో చిన్నది ముందు చెప్తాను. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ ఇంటూ అంటే ఆరా తీయడం. లుక్ అప్ అంటే డిక్షనరీలాంటి దాంట్లో చూడటం. గైడు పుస్తకాల్లో ఇవి నాలుగూ ఒకే పెట్టెలో ఉంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేనూ నాలుగూ ఒకే రోజు చెప్పాను. ఒకమ్మాయి వ్యాసం రాసింది. మా నానమ్మకు కళ్లు కనపడవు, నేను రోజూ ఆమెను వెతుకుతాను అని. ఆ పిల్ల రోజూ నానమ్మను చూసుకునేది. నేనేమో ఆ వ్యాసాన్ని క్లాసులో పైకి చదివి నవ్వించాను. ఆ పిల్ల ఆ ఏడాది ఇంకో వ్యాసం సొంతంగా రాయలేదు, గైడులోవే దించింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదీ, శిరీషా. ఒకే క్రియ మీద పుట్టినవన్నీ కుప్ప పోయొద్దు, కలిసిపోతాయి. రెండేసి చెప్పు. అదీ, పిల్లలు ఎక్కడ జారతారో సరిగ్గా ఆ అంచున నిలబడి రెండు చెప్పు. పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ పక్కపక్కన పెట్టు. బడి వార్షికోత్సవం వానకు వచ్చే వారానికి జరిగితే పుట్ ఆఫ్, అసలు జరగనే జరగదంటే కాల్ ఆఫ్. గివ్ అప్, గివ్ ఇన్ పక్కపక్కన పెట్టు. రెంటికీ వదులుకోవడం అనే గైడ్లు రాస్తాయి. అది సోమరి అర్థం. వాటి మధ్య ఎంత తేడా ఉందో నాకు ఒక తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. ఆ సంగతికే వస్తున్నాను.

కోచింగ్ క్లాసులవాళ్లు ఒక్క పూటలో వంద ఫ్రేజల్ వర్బ్స్ అని బోర్డులు పెడతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ బతకాలి. నువ్వు మాత్రం వాళ్లతో పోటీ పడకు.

ఒక నవ్వు

మా పుట్టిల్లు రాజురా నుంచి కోర్పనా పోయే దారిలో ఒక ఊరు. తాతల నాటి నుంచి అక్కడ వ్యవసాయమే. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజార్లో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు. మా వైపు పిల్లలకు నాలుగు భాషలూ వస్తాయని బయటివాళ్లు మెచ్చుకుంటారు. నాలుగింటిలోనూ నోరు మూసుకోవడం ఎప్పుడో కూడా మాకు తెలుసు, అది వాళ్లకు కనపడదు.

రాజురా బళ్లో నేను చేరిన ఏడాదే ఒక రైతు తన కొడుకు మార్కుల గురించి అడగడానికి స్టాఫ్‌రూంకు వచ్చాడు. ఆయన మరాఠీ తడబడుతుంటే, నేను తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి పంపాను. ఆయన గడప దాటగానే ఒక సీనియర్ బాయి, "ఓహో, ఇక మీవాళ్లకు మార్కులు మీరే వేసుకుంటారన్నమాట" అంది. హాస్యానికే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి ఆ బడి గేటు లోపల నేను తెలుగు మాట్లాడలేదు. వద్దని ఎవరూ అనలేదు. నేనే మానేశాను. పెళ్లయి దుర్గాపూర్ వచ్చాను కాబట్టి రోజూ బస్సులో వచ్చిపోయే ఈ పద్మా బాయి ఏ భాష మనిషో కొత్త పిల్లలకు తెలిసేది కాదు. తెలుగు పిల్లలు వెనక బెంచీలో తెలుగులో గుసగుసలాడితే, "మరాఠీత బోలా" అని గద్దించేదాన్ని. మిగిలిన టీచర్ల కంటే గట్టిగా గద్దించేదాన్ని. పదకొండేళ్లు అట్లా గడిచాయి. మంచి టీచరని పేరు కూడా వచ్చింది.

కమల

పన్నెండో ఏట కమల తొమ్మిదో తరగతిలో చేరింది. జివతి కొండల మీద ఒక చిన్న ఊరి నుంచి వచ్చి, రాజురాలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. వాళ్ల నాన్న పోచయ్యది పత్తి, సోయా సేద్యం. కమల లెక్కల్లో చురుకు. మరాఠీ పాఠం చూసి రాయమంటే ముత్యాల్లా రాసేది, మాట్లాడమంటే చీమ కుట్టినట్టు ఉలిక్కిపడేది. ఆ కొండ ఊళ్లో అందరూ తెలుగే మాట్లాడుకునేవాళ్లు. బడి ఉంది కానీ మాస్టారు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

మొదటి యూనిట్ టెస్టులో పది ఫ్రేజల్ వర్బ్స్ ఇచ్చి అర్థాలు రాయమన్నాను. కమల పదింటికీ రాసింది. అక్షరాలు మరాఠీవే. మాటలు మాత్రం తెలుగు. పుట్ అవుట్ పక్కన "ఆర్పుడు" అని. పుట్ ఆన్ పక్కన "ఏసుకునుడు". పుట్ అప్ విత్ పక్కన "ఓర్సుకునుడు". ఆ పిల్లకు తెలుగు అక్షరాలు రావు, మరాఠీ మాటలు రావు. ఉన్న అక్షరాలతో ఉన్న మాటలు రాసేసింది.

నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. ఒక్కో మాట చదువుతుంటే మా అమ్మ గొంతు వినపడింది. పదికి పదీ సరిగ్గా ఉన్నాయి. బల్లకు అటువైపు ఆ సీనియర్ బాయి తన కట్ట దిద్దుకుంటోంది. ఆమె మెడ సాచి చూస్తుందేమో అనిపించింది. నేను ఎర్రపెన్నుతో పదింటినీ కొట్టేసి, మరాఠీలో రాయి అని పక్కన రాసి, సున్నా వేశాను.

తర్వాతి పరీక్షల్లో కమల ఆ గళ్లు ఖాళీగా వదిలేసింది. వార్షిక పరీక్షలో కూడా ఖాళీయే.

ఇక్కడ పదిహేడో నంబరు ఫారం గురించి చెప్పాలి. బడి ద్వారా కాకుండా బయటి నుంచి పదో తరగతి పరీక్ష రాసేవాళ్లు నింపే ఫారం అది. బతుకుతెరువు కోసం చదువు ఆపినవాళ్లకు మంచి వసతి. కానీ మా బళ్లో దాన్ని ఇంకో పనికి వాడేవాళ్లం. తొమ్మిదిలో బలహీనంగా ఉన్న పిల్లల్ని పదిలోకి తీసుకుంటే బడి ఫలితం పడిపోతుందని, వాళ్ల తల్లిదండ్రుల్ని పిలిచి, "పదిహేడో నంబరు నింపండి, ఇంట్లో చదివించుకోండి" అని పంపేవాళ్లం. వానఖెడే సర్ మంచి మనిషే అయినా ఈ విషయంలో ఆయనా అందరిలాంటివాడే. నేనూ అంతే. ప్రతి ఏప్రిల్‌లో ఇంగ్లీషు తరఫున పేర్లు రాసిచ్చేదాన్ని. ఆ ఏడు నాలుగు పేర్లు రాశాను. మూడోది కమల.

ఇంట్లో చదివేది ఎవరు? ఆ ఫారం ఇంటికి తీసుకెళ్లిన ఆడపిల్లలు దాదాపు ఎవరూ మళ్లీ పుస్తకం పట్టలేదు. మాకు తెలుసు. తెలిసే పంపేవాళ్లం.

బస్టాండు

ఆ శనివారం ఒంటిపూట బడి. కమలకు క్లాసు టీచరు సంగతి చెప్పి, సోమవారం మీ నాన్నను తీసుకుని రా, సంతకం పెట్టాలి అంది. మధ్యాహ్నం నేను చంద్రపూర్ బస్సు కోసం రాజురా బస్టాండులో నిలబడ్డాను. స్తంభానికి అటువైపు కమల, వాళ్ల ఊరిదే లత కూర్చున్నారు. లత కూడా నా క్లాసే. దాని పేరు జాబితాలో లేదు, చిన్నప్పటి నుంచి హాస్టల్లో ఉండి చదివింది కాబట్టి మరాఠీ బాగా వచ్చు. ఇంగ్లీషు మాత్రం పదో తరగతికి పనికొస్తుందని కమల దగ్గర చెప్పించుకుంటోంది.

"గివ్ అప్ అంటె మనంతట మనమే ఇడిసిపెట్టుడు" అంటోంది కమల. "మా నాయిన బీడీ ఇడిసిపెట్టిండు సూడు, గది."

"మరి గివ్ ఇన్?"

"అది వేరే. అవతలోళ్లు గుంజంగ గుంజంగ, ఇగ సరే అనుడు. మేకను అమ్మద్దని మా అమ్మ నాలుగొద్దులు కొట్లాడలేదా? ఆఖరికి మా నాయిన సరే తీయ్ అన్నడు. గది గివ్ ఇన్. బీడీ కాడ ఎవ్వలు గుంజలే. మేక కాడ అమ్మ గుంజింది."

"లుక్ ఆఫ్టర్?"

"సూసుకునుడు. అండ్ల ఏమున్నదే? మనకు సూసుడు వేరే, సూసుకునుడు వేరే కాదా? ఇంగ్లీషోళ్లు గూడ గట్లనే ఎనక ఒక తోక పెడ్తరు."

పన్నెండేళ్లు పాఠం చెప్పి, ఒక్కసారి కూడా ఆ మాట నాకు తట్టలేదు. మనమూ క్రియలకు తోకలు తగిలిస్తాం. తిను అనడం వేరు, తినేయి అనడం వేరు. పడటం వేరు, పడిపోవడం వేరు. వండుకోవడం వేరు, వండిపెట్టడం వేరు. మన తోక మాటకు అతుక్కుని ఉంటుంది, వాళ్లది విడిగా నిలబడుతుంది, అంతే. మన పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. దాన్ని గేటు బయట పెట్టించి నేను పిల్లల్ని లోపలికి రానిచ్చేదాన్ని.

అంతలో బజారు పని మీద వచ్చిన పోచయ్య నీళ్ల సీసాతో వచ్చాడు. నన్ను చూసి కమల చటుక్కున లేచి, "నమస్తే బాయీ" అంది. ఆయన కూడా చేతులు జోడించి, మరాఠీలో ఒక మాట, హిందీలో ఒక మాట ఏరుకుంటూ, ఫారం అంటే ఏమిటని అడిగాడు. నేను మరాఠీలో జవాబు చెప్పాను. సోమవారం బళ్లో చెప్తారు అన్నాను. "హో బాయీ" అని తల ఊపి, ఆయన కూతురి వైపు తిరిగాడు. నాకు తెలుగు రాదనే ఆయన నమ్మకం.

"ఏమంటుందే బాయి?"

"నన్ను బడిలకెల్లి తీసేస్తున్నరు నాయినా. ఇంట్ల సదువుకొని పరీక్ష రాయాలె అంట."

"ఇంట్ల ఏం సదువుతవు బిడ్డా, కలుపుకు పోవుడే సరిపాయె. పోనీ తీయ్. నీకు రాకపాయె, ఏం జేస్తం."

"నాకొస్తది నాయినా" అంది కమల. "వచ్చిందే రాసిన. మరాఠీల రాయరాలే, గంతే."

నేను రెండడుగుల దూరంలో నిలబడి అంతా విన్నాను. నా నోట్లోంచి ఒక్క తెలుగు మాట రాలేదు. జివతి బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అంతా విని, "ఏం చేద్దామని?" అన్నాడు.

"పేరు తీయిస్తా."

"నువ్వే రాసిచ్చావుగా. ఎందుకు తీయమంటున్నావో కూడా నువ్వే చెప్పాలి మరి."

సోమవారం

వానఖెడే సర్ బల్ల మీద జాబితా ఉంది. నేను మొదటి యూనిట్ టెస్టు కట్టలోంచి కమల పేపరు వెతికి తీసుకెళ్లాను. మేం మాట్లాడుకున్నది మరాఠీలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పోయిన వారం మీరే రాసిచ్చారు బాయీ" అన్నారు ఆయన. "రెండు రోజుల్లో పిల్లకు ఇంగ్లీషు వచ్చేసిందా?"

పేపరు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. "అక్షరాలు మనవే. ఇదేం భాష?"

"తెలుగు, సర్. నాకు వచ్చు. నా మాతృభాష."

"అది నాకు తెలుసు. మీరు చేరిన రోజు మీ నాన్నగారు ఈ కుర్చీలోనే కూర్చున్నారు. చాలాసేపు ఉర్దూలో మాట్లాడుకున్నాం, రాజురా నిజాం కింద ఉన్న రోజుల గురించి. మీ భాష మీకు గుర్తుందా లేదా అని అడుగుతున్నాను." ఆయన పేపరును నా వైపు తిప్పారు. "ఈ అర్థాలు సరైనవేనా?"

"పదికి పదీ, సర్."

"మరి క్లాసులో తెలుగు ఎందుకు వాడలేదు? నేను వద్దన్నానా?"

"లేదు సర్."

"ఇంకెవరైనా వద్దన్నారా?"

ఆలోచించాను. ఒకసారి నవ్వారు సర్ అని చెప్పుకోవడానికి నోరు రాలేదు. "ఎవరూ అనలేదు సర్" అన్నాను.

ఆయన పెన్ను మూత తీశారు. తర్వాత, "పిల్లను పిలవండి. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగు అసలే రాదు. మీరు అడగండి, ఆమె చెప్పింది నాకు మరాఠీలో చెప్పండి. నాకు నమ్మకం కుదిరితే కొట్టేస్తాను. పదిలో ఈ పిల్ల ఇంగ్లీషు తప్పితే మాత్రం బడి నడిపే సంస్థవాళ్ల ముందు మీరు నిలబడాలి" అన్నారు.

"నిలబడతాను సర్."

కమల తల దించుకుని వచ్చింది. పోచయ్య చెప్పులు బయట వదిలి, గోడ పక్కన నిలబడ్డాడు. సంతకం ఎక్కడ పెట్టాలా అని ఆయన చూపు బల్ల మీదే ఉంది. గుమస్తా ఫైలు పక్కన పెట్టి చూస్తున్నాడు. ఏదో రిజిస్టరు కోసం వచ్చిన సీనియర్ బాయి గుమ్మంలో ఆగిపోయింది. అదే బళ్లో, అందరి ముందు, ఆ భాషలో నోరు తెరవాలి.

"కమలా" అన్నాను, "గివ్ ఇన్ అంటె ఏంది బిడ్డా? శనివారం బస్టాండ్ల లతకు చెప్పినవు గదా, గట్లనే చెప్పు."

కమల తలెత్తింది. పోచయ్య కూడా. "బాయి మనోళ్లేనా?" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

పిల్ల నా మొహం చూస్తూ నిలబడింది. "చెప్పు బిడ్డా, భయపడకు" అన్నాను. అప్పుడు చెప్పింది. బీడీ చెప్పింది, మేక చెప్పింది. నేను మరాఠీలోకి తిప్పాను. మేక దగ్గరికి వచ్చేసరికి వానఖెడే సర్ పెద్దగా నవ్వారు, పోచయ్య సిగ్గుపడ్డాడు. పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ అడిగాను. వానలకు జరిగిన వాళ్ల అక్క పెళ్లి చెప్పింది. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్ అడిగాను. ఒక్కటి కూడా తప్పలేదు. చెప్తున్నకొద్దీ దాని గొంతు పెరిగింది. నాది కూడా.

వానఖెడే సర్ జాబితా దగ్గరికి లాక్కుని, మూడో పేరు మీద గీత కొట్టారు. కమల జూన్‌లో పదిలో కూర్చుంది. మరుసటి ఏడు పాసైంది, తర్వాత నర్సు చదువు చదివింది. నా బోర్డు మీద ఆ జూన్ నుంచి మరాఠీ అర్థం పక్కన తెలుగు అర్థం కూడా, మరాఠీ అక్షరాల్లోనే, నేను రిటైరయ్యే రోజు దాకా ఉంది. తెలుగు పేర్లు నా జాబితాలో మళ్లీ రాలేదు. అంతకు ముందు పదకొండు ఏప్రిల్‌లలో రాసిచ్చినవి మాత్రం రాసిచ్చినవే. వాటిని ఎవరూ కొట్టేయలేదు.

శిరీషా, ఇక్కడితో ఆపితే నేను మంచి బాయిగా మిగిలిపోతాను. నీకు పకోడీలు పెట్టిన రోజు ఇక్కడికే ఆపాను కూడా. ఆ గదిలో ఇంకొంచెం జరిగింది.

పోచయ్య దండం పెట్టి బయటికి కదిలాడు. కమల కదల్లేదు.

"బాయీ, మీకు తెలుగొస్తదా?"

"వస్తది బిడ్డా."

"మొదటి పరీక్షల నేను రాసింది సదివిన్రా?"

"సదివిన."

"అర్థమైందా?"

"అయింది."

"మరి సున్నా ఎందుకేసిన్రు?"

కోపంగా అడగలేదు. లెక్కలో ఒక మెట్టు అర్థం కానప్పుడు అడిగినట్టే అడిగింది.

"భయపడ్డ బిడ్డా" అన్నాను. "నన్ను నవ్వుతరని భయపడ్డ. నీది తప్పు కాదు, నాదే."

వానఖెడే సర్ మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమంటోంది పిల్ల?" అని అడిగారు. గుమ్మంలో ఆ సీనియర్ బాయి ఇంకా నిలబడే ఉంది. కమల అడిగిందీ, నేను చెప్పిందీ, ఒక్క మాట తగ్గించకుండా ఆయనకు మరాఠీలో చెప్పాను.